దుప్పటి చాటు మెకానిక్కు

బాలశౌరి గారు మా ఇంట్లో అడుగుపెట్టిన మొదటిరోజు, మంచినీళ్ళ గ్లాసు ఇంకా నా చేతిలో ఉండగానే, "అమ్మా, పాత దుప్పటేదన్నా ఉంటే ఇప్పిస్తారాండీ" అని అడిగారు. ఎండన పడి గుణదల నుంచి వచ్చిన మనిషి, కాసేపు నడుం వాలుస్తారు కాబోలనుకుని నేను చాప కోసం కూడా చూడబోయాను. "పడుకోడానిక్కాదండీ, అడ్డం కట్టడానికి" అని ఆయన నవ్వారు. ఆ నవ్వులో కాస్త సిగ్గు కూడా ఉంది.

ఆ దుప్పటి సంగతి తెలియాలంటే ముందు మావారి సంగతి తెలియాలి. మావారు పూర్ణచంద్రరావు గారు ఇన్సూరెన్సు ఆఫీసులో పనిచేసేవారు. తాగుడు లేదు, పేకాట లేదు, ఉన్నదల్లా పాటల పిచ్చి. నేను సత్యనారాయణపురంలో ఆడపిల్లల హైస్కూల్లో తెలుగు చెప్పేదాన్ని. డెబ్భై నాలుగులోనో అయిదులోనో ఆయన మద్రాసు వెళ్ళి, సోనరాగ్ అనే కంపెనీ వాళ్ళ స్టీరియో కొనుక్కొచ్చారు. టేకు చెక్క పెట్టె, దాని మీద రికార్డు తిరిగే పళ్ళెం, చెరోపక్కా నిలువెత్తు స్పీకర్లు. నిలువెత్తంటే మా అత్తగారి నిలువెత్తు. ఆ అత్తగారు, వెంకటరత్నమ్మ గారు, పెట్టెకు బొట్టు పెట్టి హారతిచ్చి మరీ లోపలికి తీసుకెళ్ళారు. ఈ ఇంటికి కోడలొచ్చినప్పుడు కూడా అంత మర్యాద జరగలేదు. ఆ కోడల్ని నేనే కాబట్టి ఈ మాట ఖాయంగా చెప్పగలను.

కొనడమైతే కొన్నాం గానీ, అది పూర్తిగా మాది కాదని మెల్లమెల్లగా తెలిసొచ్చింది. పెట్టెతో పాటు నున్నటి కాగితం మీద అచ్చేసిన పుస్తకం ఒకటి వచ్చింది. అందులో మీటలు ఎలా తిప్పాలో, దుమ్ము ఎలా తుడవాలో రాశారు. స్పీకర్లు ఏ మూల పెట్టాలో, ఏ తీగ ఎక్కడ కలపాలో మాత్రం రాయలేదు. అది కంపెనీ మనిషే వచ్చి చెయ్యాలిట. ఆయన పెట్టి వెళ్ళాక మనం జానెడు కూడా జరపకూడదట. దసరాకి ఇల్లు దులిపినా ఆ రెండు స్పీకర్ల కింద మాత్రం దుమ్ము అలాగే ఉండిపోయేది. పెట్టె వెనక ఒక్కో మర తల మీదా ఎర్రటి లక్క పోసి, కంపెనీ ముద్ర కొట్టి ఉండేది. లక్క పగిలిందా, గ్యారంటీ పోయినట్టే.

మా నాన్నగారి పాత రేడియోకి వెనక అట్ట మీద లోపలి బొమ్మంతా అంటించి ఉండేది. సర్క్యూట్ డయాగ్రం అంటారు దాన్ని. ఏ వీధి చివర మెకానిక్కయినా ఆ బొమ్మ చూసి బాగుచేసేసేవాడు. ఈ సోనరాగ్ వాళ్ళు ఆ బొమ్మ కొన్నవాళ్ళకి ఇవ్వరు, అడిగినా చూపించరు. లోపలి ట్రాన్సిస్టర్ల మీద నంబర్లు కూడా గీకేసి పంపేవారట. ఎక్కడో ఎవరో తమ పెట్టె విప్పి చూసి నకళ్ళు తయారుచేశారని వాళ్ళ బాధ. ఎవడో ఒకడు దొంగతనం చేస్తే కొన్నవాళ్ళందర్నీ దొంగల కింద జమకడతారా అని నేను కోప్పడితే, "పెద్ద కంపెనీల పద్ధతులు నీకు తెలియవులే" అనేవారు మావారు. నాకెందుకు తెలియదు? మా స్కూల్లో సైన్సు సామానంతా అద్దాల బీరువాలో పెట్టి, తాళంచెవి హెడ్మిస్ట్రెస్ గారు బొడ్లో దోపుకుని తిరిగేవారు. ఇదీ అంతే.

మా జిల్లాకంతటికీ కంపెనీ ఒప్పుకున్న మెకానిక్కు బాలశౌరి గారొక్కరే. ఆయన్ని మద్రాసు పిలిపించి, పని నేర్పి, డయాగ్రాలూ ఇత్తడి ముద్రా చేతికిచ్చి, బాండు రాయించుకున్నారు. కొన్నవాళ్ళ కళ్ళెదుట పెట్టె విప్పకూడదన్నది అందులో ఒక షరతు. తలుపులు మూసుకుని చెయ్యమని మద్రాసు వాళ్ళ ఉద్దేశం. మన బెజవాడ ఇళ్ళల్లో స్టీరియో ఉండేది ముందు గదిలో. ఆ గదిలోంచే వంటింటికి దారి, దొడ్లోకీ అదే దారి. తలుపు మూస్తే ఇల్లు ఆగిపోతుంది. అందుకని ఆయన ఈ దుప్పటి ఉపాయం కనిపెట్టారు. కిటికీ ఊచకీ గోడ మేకుకీ తాడు కట్టి, దాని మీద దుప్పటి వేసి, దాని చాటున కూచుని పనిచేసేవారు. ఉయ్యూరు వైపు చెరుకు రైతుల మేడల్లో పట్టు అంచు దుప్పట్లు ఇచ్చేవారట. మా ఇంట్లో నీలం గళ్ళది ఇచ్చాం.

ఆయనకు అప్పటికి యాభై దాటి ఉంటాయి. సన్నటి మనిషి, మెడ దాకా గుండీలు పెట్టిన తెల్ల చొక్కా, జేబులో కలం బదులు కరెంటు చూసే టెస్టరు. ఆయన ఎక్కడికెళ్ళినా వెంట భార్య అమలమ్మ గారుండేది. పొట్టిగా, చామనచాయగా, నల్లపూసల్లో చిన్న శిలువతో ఉండే మనిషి. పెళ్ళికి ముందు కన్యాస్త్రీల మఠంలో, గుళ్ళో పీఠం మీద పరిచే గుడ్డల మీద రంగుదారాలతో పువ్వులు కుట్టేదట. సంచీ ఆవిడే మోసేది, క్యారియరు ఆవిడే పట్టుకునేది. గుమ్మం దగ్గర ఆయన మోచెయ్యి పట్టుకుని "మెట్టండీ" అనేది. ఈ వయసులో కూడా ఎంత అన్యోన్యమో చూడండని మా వీధి ఆడవాళ్ళు మొగుళ్ళకు చూపించేవారు.

దుప్పటి వెనక నుంచి వాళ్ళ మాటలు సన్నగా వినపడేవి. "గోధుమ రంగు, నలుపు, ఎరుపు" అనేది ఆవిడ. "వెయ్యి" అనేవారు ఆయన. "ఎరుపు, ఎరుపు, నారింజ." "ఇరవై రెండు వేలు." మా అత్తగారు చెవి ఒగ్గి విని, "ఇరవై రెండు వేలు పెట్టి చీర కొంటారటే వీళ్ళు?" అని నోరు తెరిచింది. స్టీరియో లోపల బియ్యపుగింజ కన్నా కాస్త పెద్ద ముక్కలుంటాయనీ, వాటి మీది రంగు చారలే వాటి అంకెలనీ మావారు ఆవిడకి ఎంతో ఓపిగ్గా విడమర్చారు. ఆ రంగులు మెకానిక్కు చదవాలి గానీ ఆయన భార్య ఎందుకు చదువుతోందన్న అనుమానం మాత్రం మాలో ఎవరికీ రాలేదు.

అది నాకు మరుసటేడు వానాకాలంలో తెలిసింది. ఎడమ స్పీకరు మూగబోతే కబురు పంపాం. ఆ మధ్యాహ్నం మబ్బు పట్టి గదిలో చీకటిగా ఉంటే, వాళ్ళు దుప్పటి వెనక బల్లదీపం పెట్టుకున్నారు. నేను వంటింట్లోంచి వస్తూ చూద్దును కదా, దుప్పటి మీద ఇద్దరి నీడలూ పడుతున్నాయి. ఒక నీడ చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, తల పైకెత్తి, గుళ్ళో ప్రసంగం వింటున్నట్టు కూచుని ఉంది. రెండో నీడ పెట్టె మీదికి వంగి ఉంది. టంకం పెట్టే సోల్డరింగ్ కడ్డీ ఆ చేతిలోనే ఉంది. ఆ చేతికి గాజులున్నాయి.

ముందు నాకు ఒళ్ళు మండిపోయింది. పెట్టె కొన్నది మేం. మేం కన్నెత్తి చూడటానికి వీల్లేదు గానీ, ఏ కంపెనీ ఒప్పుకోని మనిషి అందులో వేళ్ళు పెట్టచ్చా? అడిగేద్దామనుకుంటూ ఉండగానే అమలమ్మ గారు దుప్పటి ఎత్తుకుని బయటికొచ్చి, నూతి దగ్గరికి వెళ్ళి, వేలు నీళ్ళ బకెట్లో ముంచింది. నేను వెనకాలే వెళ్ళాను.

"ఏం, వేలు కాలిందా?"

"కాఫీ గ్లాసు తగిలిందండీ."

"కాఫీ నేనింకా కలపనే లేదుగా!"

ఆవిడ నూతి గట్టు మీద అలా కూలబడిపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, లోపలికి వినపడకుండా చెప్పింది. ఆయనకు నీటికాసులట. మొదట పక్కనున్నవి కనపడటం మానేశాయి, తర్వాత గొట్టంలోంచి చూసినట్టు నడుమ కాస్త మిగిలింది, ఇప్పుడు వెలుతురేదో చీకటేదో తెలుస్తుంది, అంతే. పోయిన చూపు తిరిగి రాదని డాక్టరు చెప్పేశారు. పని ఆయనే చెబుతారు, చెయ్యి మాత్రం ఆవిడది.

"మాకు కూటికి లోటు లేదండీ టీచరుగారూ. మా అమ్మాయి గుంటూరులో నర్సు, వచ్చి తన దగ్గరుండమంటంది. అది కాదండీ. మా మామగారికీ ఇదే జబ్బండీ. చూపు పోయాక పని మానేసి, వసారాలో గోడకేసి మొహం పెట్టుకుని కూచున్నారు. పిలిచినా తిరిగేవారు కాదు. అట్టాగే పోయారు. చేతిలో పనిపోతే ఈయనా అంతేనండీ. ఈయన్నట్టా చూడలేనండీ నేను."

"కంపెనీ వాళ్ళకి తెలిస్తే?"

"తెలిసిన్నాడే తీసేస్తారండీ. ఆ దుప్పటుంది కాబట్టి నెట్టుకొస్తున్నాం. అది మరియతల్లి మా మీద కప్పిన కొంగండీ."

నా కోపం ఏమైపోయిందో నాకే తెలియదు. లోపలికెళ్ళి నా ఇంకు సీసా తెచ్చి, ఆవిడ వేలికి నేనే రాశాను. కాలినచోట ఇంకు రాస్తే పొక్కదు. "నేనేం చూళ్ళేదు" అన్నాను. ఆవిడ నీలం వేలితోనే నా చెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకుంది. తర్వాత నుంచి వాళ్ళొచ్చినప్పుడు నీలం గళ్ళ దుప్పటి ఇవ్వడం మానేసి, పెళ్ళిళ్ళలో పరిచే జంపఖానా తీసి కట్టేదాన్ని. దానిలోంచి సూర్యుడు కూడా కనపడడు. ఇంత బరువైంది ఎందుకే అని అత్తగారు గొణిగితే, దోమలు రావులెండి అనేదాన్ని.

అమలమ్మ గారూ నేనూ స్నేహితులమయ్యాం. గుణదల తిరునాళ్ళకి వెళ్ళినప్పుడు వాళ్ళింట్లోనే భోంచేశాను. కొండ కింద రెండు గదుల పెంకుటిల్లు, ముందు వసారా. చూపు తగ్గుతోందని తెలిసినప్పటి నుంచీ, రోజూ సాయంత్రం జపమాల అయ్యాక ఆవిడ డయాగ్రాలు ముందేసుకుని వరసగా పైకి చదివేదట. ఆయన వల్లించేవారట. ఆమెన్ అన్న నోటితోనే "కుడి బోర్డు, పై వరస, పసుపు, ఊదా, ఎరుపు" అని మొదలుపెట్టేవాళ్ళమని చెప్పి ఆవిడ నవ్వింది. కంపెనీ ఎవరికీ చూపించద్దన్న కాగితాలు ఆ ఇంట్లో ప్రార్థనతో కలిసిపోయాయి.

ఇలా సాఫీగా సాగిపోతున్న సంసారంలో మావారు వేలు పెట్టారు. పాపం, చెడ్డ బుద్ధితో కాదు. ఇబ్రహీంపట్నంలో కరెంటు తయారుచేసే ఫ్యాక్టరీ కడుతున్నారు, అదయ్యేదాకా మన బతుకింతే అనుకునే రోజులు. వేసవిలో ఓల్టేజి పడుతూ లేస్తూ ఉంటే స్టీరియో ఊరికే మూలనపడేది. బాలశౌరి గారేమో ఒక రోజు బందరులో, ఒక రోజు గుడివాడలో. మావారికి పాట లేకపోతే అన్నం సయించదు. డయాగ్రం పంపిస్తే నా తంటాలు నేనే పడతానని కంపెనీకి రాశారు. మీటలు తిప్పడం మీ వంతు, తక్కినదంతా మా వంతు అని మంచి ఇంగ్లీషులో జవాబొచ్చింది. అది చదివి ఆయనకు రోషం పొడుచుకొచ్చింది. నాకూ వచ్చింది, అబద్ధమెందుకు.

అయితే రోషంతో ఆయన చేసిన పని ఇంకెవరూ చెయ్యరు. పెట్టె వెనక గాలి కోసం పెట్టిన కన్నాల్లోంచి టార్చిలైటు వేసి, ఒంటికన్నుతో చూస్తూ, ఆదివారాలన్నీ నేల మీద బోర్లా పడుకుని, లోపల ఏముందో ఊహించి తనే ఒక డయాగ్రం వేశారు. వేసినవారు ఊరుకున్నారా? ఎంతవరకు సరిగా వేశానో దయచేసి తెలుపగలరు అని దాన్ని కంపెనీకే పంపించారు. పరీక్ష రాసిన పిల్లాడిలా రోజూ పోస్టు కోసం చూసేవారు. ఆ బొమ్మ సగం తప్పట. తప్పు కాని సగమే కొంప ముంచింది. లక్క పగలకుండా ఒక ఇన్సూరెన్సు గుమాస్తాకి ఇదెలా తెలిసింది? మన బెజవాడ మెకానిక్కే చూపించి ఉండాలి. మద్రాసులో అలా అనుకున్నారు.

ఒకరోజు పొద్దున్నే మా గుమ్మంలోకి బాలశౌరి గారూ, అమలమ్మ గారూ, వాళ్ళ వెనక సఫారీ సూటు వేసుకున్న ఒక కంపెనీ ఇన్‌స్పెక్టరూ వచ్చారు. నెల్లూరు నుంచి వెళ్ళి మద్రాసులో స్థిరపడ్డ మనిషట, తెలుగు బాగానే మాట్లాడాడు. మాటలో మర్యాద ఉంది. కాసేపు స్టీరియో చూసి వెళ్తామన్నాడు. నేను జంపఖానా కట్టాను. అమలమ్మ గారు సంచీతో లోపలికి వెళ్ళబోతే ఇన్‌స్పెక్టరు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఈవిడెవరు?"

"మా ఆవిడండీ. సంచీ మోస్తంది" అన్నారు బాలశౌరి గారు.

"సంచీ వచ్చేసిందిగా. ఇంక ఆవిడ బయటుండాలి. ఇది కంపెనీ వాళ్ళం చూసుకునే పని."

అమలమ్మ గారు వెనక్కి వచ్చి, వంటింటి గడప దగ్గర నా పక్కన నిలబడింది. నా చెయ్యి వెతికి పట్టుకుంది. లోపల మరలు విప్పుతున్న చప్పుడు. ఇన్‌స్పెక్టరు ఒక్కొక్కటే అడుగుతున్నాడు. ఫలానా బోర్డులో ఫలానా చోట ఏముంటుంది? బాలశౌరి గారు తడుముకోకుండా చెబుతున్నారు. డయాగ్రం ఎవరికైనా చూపించారా? లేదండీ. ఆ గొంతులో వణుకు లేదు. బయటపడతారేమోనని నాకు ఆశ పుట్టింది.

"సరే. ఇదుగో, ఈ ముక్క తీసేసి కొత్తది వెయ్యండి" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

చప్పుడు లేదు. కడ్డీ వేడెక్కిన వాసన మాత్రం బయటికి వస్తోంది. అమలమ్మ గారి పెదవులు కదులుతున్నాయి, ప్రార్థన చేస్తోందో రంగులు చెబుతోందో నాకు తెలియలేదు. మావారు అయోమయంగా నా మొహం చూశారు. చివరికి లోపల కడ్డీని స్టాండు మీద పెట్టిన చప్పుడైంది.

"అమలా" అన్నారు బాలశౌరి గారు. "లోపలికి రా."

"ఆవిడ రాకూడదని చెప్పాను కదండీ" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ఆవిడ రాకపోతే పని కాదండీ సార్. నాకు కళ్ళు లేవు. రెండేళ్ళ నుంచీ మీ పెట్టెలన్నీ ఆవిడే బాగుచేస్తంది. ఒక్కటీ తిరిగి రాలా. నన్ను తీసేస్తారు, తెలుసండీ. తీసేశామని రాసేటప్పుడు ఈ మాట కూడా రాయండి. అదొక్కటే అడుగుతున్నాను."

అమలమ్మ గారు నా చెయ్యి వదిలి జంపఖానా ఎత్తుకుని లోపలికి వెళ్ళింది. నేనూ దాన్ని పట్టుకుని అలాగే నిలబడిపోయాను, ఇక దించలేదు. ఇన్‌స్పెక్టరు వాళ్ళిద్దర్నీ మార్చి మార్చి చూశాడు. తర్వాత తనే కూచుని ఆ ముక్క మార్చాడు. పనిమంతుడే, టంకం చక్కగా పెట్టాడు. అది చూసి అమలమ్మ గారు అంత దుఃఖంలోనూ మెచ్చుకోలుగా తలాడించింది. లక్క కరిగించి ముద్ర వేశాక, ఆ ఇత్తడి ముద్రనీ డయాగ్రాలనీ తన బ్యాగులో పెట్టుకున్నాడు.

"మీకెవరు నేర్పారమ్మా?" అని అడిగాడు, ఆవిడ మొహంలోకి చూడకుండానే.

ఆవిడ పక్కనున్న భర్తను వేలితో చూపించింది. ఆయనకది కనపడదని మరుక్షణం గుర్తొచ్చి కాబోలు, పైకే అంది. "ఈయనేనండీ. అంతా ఈయనే."

వాళ్ళు వెళ్ళాక నేను మావారిని అన్న మాటలు ఇక్కడ రాయను. ఆయన ఎదురు చెప్పలేదు. చాన్నాళ్ళు రికార్డు పెట్టలేదు. ఒక ఆదివారం గుణదల వెళ్ళి, తప్పయిపోయిందండీ అని బాలశౌరి గారి రెండు చేతులూ పట్టుకున్నారు. కన్నాల్లోంచి చూసి సగం సరిగ్గా వేశారంటే మాటలు కాదండీ అని ఆయనే మావారిని సముదాయించి పంపారట. ఇంటికొచ్చి ఆ మాట చెబుతూ మావారు ఏడ్చారు. నేనాయన్ని ఏడవగా చూడటం అదే మొదలు.

తర్వాత అమలమ్మ గారు స్కూలుకొచ్చి, ఇంటర్వెల్లో వరండాలో నిలబడి నాతో చెప్పింది. "గోడకేసి తిరిగారండీ. పొద్దున లేపి వసారాలో కూచోబెడితే గోడకేసే కూచుంటన్నారు. అన్నం పెడితే తింటారు. మా అమ్మాయి వచ్చి పిలిచినా తిరగలేదండీ. నాకు భయమేస్తంది." గంట కొట్టారు, క్లాసుకి వెళ్ళాను, ఆ పూట పిల్లలకు ఏం చెప్పానో కూడా గుర్తు లేదు.

మళ్ళీ వేసవి వచ్చింది. ఓల్టేజి పడింది, లేచింది, స్టీరియో ఠప్పుమని ఆగింది. కంపెనీ నుంచి అంతకు ముందే ఒక కార్డు వచ్చి ఉంది, ఇకమీదట పాడైన పెట్టెలు రైల్లో మద్రాసు పంపుకోవాలని. మావారు చెక్కపెట్టె చేయించడానికి వడ్రంగి కోసం బయల్దేరబోతున్నారు. నేను వంటింట్లోంచి కూరలు తరిగే కత్తి తెచ్చి, స్టీరియోని గోడకు దూరంగా లాగి, వెనక లక్కముద్రలన్నీ ఒక్కొక్కటే పొడిచి పెచ్చులూడగొట్టాను.

"సరస్వతీ! గ్యారంటీ!" అన్నారు మావారు.

"గ్యారంటీ నాది. రిక్షా పిలవండి" అన్నాను.

రిక్షాలో పెట్టె నా ఒళ్ళో పెట్టుకుని గుణదల వెళ్ళాను. మావారు సైకిలు మీద వెనకాల వచ్చారు. అమలమ్మ గారు చెప్పినట్టే ఆయన వసారాలో, గోడకేసి మొహం పెట్టుకుని కూచుని ఉన్నారు. తెల్ల చొక్కా గుండీలు మెడ దాకా పెట్టి ఉన్నాయి. అవి ఆవిడ పెట్టినవే అయి ఉంటాయి.

"ఏమండీ, టీచరుగారు వచ్చారు. స్టీరియో తెచ్చారు" అంది ఆవిడ.

"మనకి అధికారం లేదని చెప్పు" అన్నారాయన గోడతోనే.

"పెట్టె ఎవరిదండీ? కొన్నవాళ్ళం మేం. అధికారం నేనిస్తున్నాను, చెయ్యండి" అన్నాను. స్కూల్లో అల్లరిపిల్లలతో మాట్లాడే గొంతు వచ్చేసింది నాకు.

ఆయన మెల్లగా ఇటు తిరిగారు. చెయ్యి చాచి పెట్టె వెనక తడిమారు. వేళ్ళు లక్క పెచ్చుల మీద ఆగాయి.

"ఇదెవరండీ, ఇట్టా పొడిచింది?"

"నేనే. కూరగాయల కత్తితో."

ఆయన పకపకా నవ్వారు. అమలమ్మ గారు గబగబా లోపలికెళ్ళి సంచీ తెచ్చింది. ఆవిడ అటు తిరిగి కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను.

వసారాలో, అంత వెలుతురులో, అడ్డం ఏమీ లేకుండా పెట్టె విప్పారు. మావారూ నేనూ మొదటిసారి లోపలికి చూశాం. అరచెయ్యంత బోర్డులు రెండు, వాటి నిండా రంగు చారల ముక్కలు, నాలుగు తీగలు, మూలల్లో ఇంత దుమ్ము. దీనికా ఇన్నాళ్ళు ఇన్ని దుప్పట్లు అనిపించింది నాకు. మావారు మాత్రం గుళ్ళో విగ్రహాన్ని చూసినట్టు చూస్తున్నారు.

అమలమ్మ గారు వంగి చూసి అంది. "ఎడమ బోర్డండీ. పై వరసలో నడిమిది మాడిపోయింది. రంగులు కనపడటంలా. ఏముండాలండీ అక్కడ?"

రంగులు కాలిపోయాక డయాగ్రం లేనిదే అది ఏ ముక్కో చెప్పడం ఎవరి తరమూ కాదు. డయాగ్రాలు మద్రాసులో ఉన్నాయి. బాలశౌరి గారు తల కాస్త పైకెత్తారు. ఆవిడ ఆయన్నే చూస్తోంది. విడి ముక్కలు దాచుకున్న బిస్కట్ల రేకు డబ్బాలోకి ఆవిడ చెయ్యి వెళ్ళడం నేను చూశాను. బయటికి వచ్చిన వేళ్ళ మధ్య ఒక చిన్న ముక్క ఉంది.

"పసుపు, ఊదా, ఎరుపు" అన్నారాయన. "నాలుగువేల ఏడొందలు."

ఆవిడ వేళ్ళ మధ్య ఉన్నది అదే. పసుపు, ఊదా, ఎరుపు. "అమ్మయ్య, మీరు చెప్పబట్టి సరిపోయింది" అంటూ ఆవిడ డబ్బాని మళ్ళీ ఒకసారి కలియబెట్టి, అప్పుడే దొరికినట్టు ఆ ముక్కను పైకి తీసింది. సాయంత్రాలు జపమాల తర్వాత చదివింది ఆవిడే కదా, ఆయనకు ఎన్ని వచ్చో ఆవిడకూ అన్నీ వచ్చు. ఆ సంగతి నాకు అప్పుడు తట్టింది. ఇంకో ముక్క అడిగింది, ఇంకోటి అడిగింది. ప్రతిసారీ చెయ్యి ముందే డబ్బాలోకి వెళ్తోంది, నోరు మాత్రం ఆయన చెప్పేదాకా ఆగుతోంది. ఒక్కో జవాబుకీ ఆయన వెన్ను నిటారవుతోంది. చాన్నాళ్ళుగా మూసి ఉన్న ఇంట్లో ఒక్కో కిటికీ తీస్తున్నట్టుంది ఆ మొహం.

కాసేపటికి ఆవిడ కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. మావారు రోడ్డు మీదికి వెళ్ళారు, సిగరెట్టుకి. వసారాలో ఆయనా నేనూ మిగిలాం. ఆయన నావైపు కాస్త ఒరిగి, గొంతు బాగా తగ్గించి అన్నారు.

"మీరు చూశారు గదండీ."

"ఏమిటండీ?"

"నేను చెప్పకముందే తీసేస్తది. ఆ రేకు డబ్బా మోగుద్దండీ. నాకు వినపడుద్ది."

నేను లోపలి గుమ్మం వైపు చూశాను. "మరి ఆవిడతో ఆ మాట చెప్పలేదా?" అన్నాను.

"చెబితే రేపట్నించి అడగడం మానేస్తది గదండీ."

లోపల నుంచి కాఫీ గ్లాసుల చప్పుడు దగ్గరవుతోంది. ఆయన సర్దుకుని కూచుని, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నారు. అమలమ్మ గారు గ్లాసులు మా చేతికిచ్చి, పెట్టె మీదికి వంగి, "ఏమండీ, కింద వరసలో చివర్ది కూడా పోయినట్టుంది. అదేంటో కొంచెం గుర్తు తెచ్చుకుని చెప్పండి" అంది. డబ్బా సన్నగా మోగింది. ఆయన కళ్ళు మూసుకుని, బాగా ఆలోచిస్తున్నట్టు కాసేపు ఆగి, చెప్పారు.